గోడ మీద పటాలు, అందులో మన కె.సి. రెడ్డిగారు



మన రాబర్ట్‌సన్‌పేటలో ఒకప్పుడు గోడ మీది పటాలు చూస్తే ఆ ఇంటివాళ్ల రాజకీయం తెలిసిపోయేది. ఒక ఇంట్లో గాంధీ, నెహ్రూ. ఇంకో ఇంట్లో అంబేద్కర్. 1954లో ఆయన మన కేజీఎఫ్‌కే వచ్చారు గదా. తమిళం వాళ్ల ఇళ్లలో పెరియార్, అణ్ణా. మేము చదివింది తమిళ మీడియం, కాబట్టి కామరాజ్ మొహం కూడా మాకు ఇంటి మనిషి మొహమే.

ఆ మొహాలను పట్టినవాళ్ల పేర్లు మాత్రం మనకు తెలీవు. గాంధీజీ రాట్నం ఫొటోనే తీసుకోండి. 1946లో పూణేలో అమెరికా ఆవిడ మార్గరెట్ బోర్క్‌వైట్ తీసింది. ముందు నూలు వడకడం నేర్చుకో, తర్వాతే ఫొటో అన్నారంట ఆశ్రమం వాళ్లు. ఆవిడ నేర్చుకునింది! మూడే ఫ్లాష్ బల్బులకు అనుమతి. మొదటి రెండు వృథా అయినాయి, మూడోది పనిచేసింది. జాగ్రత్తగా చూడండి, అందులో గాంధీజీ రాట్నం తిప్పడం లేదు. రాట్నం ముందుంది, ఆయన వెనక కూర్చుని ఏవో కాగితాలు చదువుకుంటున్నారు. అయినా మన కంటికి వడుకుతున్నట్టే ఉంటుంది.

చర్చిల్ సంగతి వేరే. 1941 డిసెంబర్ 30న ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ అనే ఫొటోగ్రాఫర్ ఆయన నోట్లో చుట్ట లాగేశాడు. ఆ కోపమే ఫొటోలో పడింది. లోకం దాన్ని యుద్ధంలో పట్టుదల అనుకునింది.

ఇప్పుడు మన కోలారు జిల్లా మాటకొస్తాం. క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డిగారు మన పక్క ఊరివారు. 1947 అక్టోబరులో మైసూరు మొదటి ముఖ్యమంత్రి అయి, 1952 దాకా ఉన్నారు. 1951 జులై 13న విధానసౌధకు నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజు ముఖ్యమంత్రి ఈయనే. కట్టించింది కెంగల్ హనుమంతయ్యగారు, ఆ గొప్ప ఆయనదే, కాదనం. కానీ కె.సి. రెడ్డిగారి పటం చూపించి ఇదెవరు అంటే మన పిల్లల్లో ఎంతమంది చెప్తారు? గాంధీకి రాట్నం, చర్చిల్‌కు కోపం ఉన్నట్టు, ఈయనకు జనం కంట్లో నిలిచిపోయిన ఫొటో ఒక్కటీ లేదు. అందుకే మరుపు తొందరగా వచ్చిందని మా అభిప్రాయం.

2001లో గనులు మూతపడినాక చాలా కుటుంబాలు లైన్లు వదిలి బెంగళూరు, చెన్నై పోయినాయి. పోయేటప్పుడు గిన్నెలూ మంచాలూ తీసుకుపోయినారు, చెదలు పట్టిన పటాలు పారేసినారు. వాటిలో సభల ఫొటోలు, నాయకులతో యూనియన్ పెద్దలు నిలబడిన గ్రూపు ఫొటోలు ఎన్ని పోయినాయో.

కాబట్టి మీ ట్రంకు పెట్టెల్లో అలాంటివి ఏమున్నా సంఘం ఆఫీసుకు తీసుకురండి. కాపీ తీసుకుని అసలుది మీకే ఇచ్చేస్తాం. వెనక పెన్సిల్‌తో సంవత్సరం, ఊరు, తెలిసిన పేర్లు రాయండి. పెన్ను వద్దు, ఇంకు ముందువైపుకు ఊరుతుంది. పేర్లు చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ముందు వాళ్లకు చూపించండి.