పచ్చబొట్టు తప్పు కాదు, మార్చని సూది తప్పు

మా అమ్మమ్మల నుదుటి మీద, చేతుల మీద పచ్చబొట్లు ఉన్నాయి. చచ్చినప్పుడు వెండి, బంగారం ఇక్కడే ఉండిపోతాయి, వెంట వచ్చే నగ పచ్చబొట్టు ఒక్కటే అని మన పెద్దల నమ్మకం.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఈ పని తోటి ఆడవాళ్లది. తోటి మగవాళ్లు కిక్రి వాయిస్తూ గోండుల పురాణ కథలు పాడేవారు. ఆడవాళ్లు పిల్లల ఒంటి మీద సూదులతో పచ్చబొట్లు పొడిచేవారు. ఒకరికి పొడిచిన సూదులే తర్వాతి వారికీ. పుండు పడితే పసుపు రాసేవారు. ఆ రోజుల్లో హెచ్‌ఐవి అనే మాటే లేదు.

1986లో మద్రాసులో మన దేశంలో మొదటిసారి హెచ్‌ఐవి బయటపడింది. సూదికి అంటిన రక్తంతో ఆ క్రిమి ఒకరి నుంచి మరొకరికి పోగలదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి ఇంకా తేలికగా పోతుంది.

ఇది విని కొందరు ఆదివాసుల ఆచారాలే జబ్బులకు కారణం అంటారు. మేము ఒప్పుకోం. దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా వ్యాపించింది రక్షణ లేని లైంగిక సంబంధాల వల్ల. అది ఏ ఒక్క జాతి ఆచారమూ కాదు. ఆసుపత్రుల్లో కూడా ఒకప్పుడు గాజు సిరంజీలను ఉడకబెట్టి పదిమందికి వాడేవారు. తర్వాత ఒకసారి వాడి పారేసే సూదులు వచ్చాయి. సూది మార్చారు గానీ ఇంజెక్షన్ మానలేదు. మన పచ్చబొట్టుకూ అదే న్యాయం.

ఇప్పుడు జాతరల్లో, సంతల్లో మిషన్‌తో పొడుస్తున్నారు. మిషన్ కొత్తదైనా సూది పాతదైతే ప్రమాదం పాతదే. కాబట్టి యువతీ యువకులారా, మీ కళ్ల ముందే కొత్త సూది విప్పమని అడగండి. రంగు కూడా వేరే మూతలో పోయించుకోండి. అడగడం తోటి అవ్వను అవమానించడం కాదు, ఆమె విద్యను నిలబెట్టడం.

అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం. 2004 నుంచి మందులూ ఉచితంగా ఇస్తున్నారు. జబ్బు ఉన్నవారిని బడి నుంచి, పని నుంచి వెళ్లగొట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. ఉపాధ్యాయులు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి. అవ్వ చేతి మీది చుక్కలను చూసి పిల్లలు సిగ్గుపడకూడదు, భయపడకూడదు. ఆ చుక్కలు మన చరిత్ర. సూది మార్చి ఆ చరిత్రను మనమే కొనసాగిద్దాం.