బాస్కెట్‌బాల్ గాయాల నివారణ వ్యాయామాలు

బాస్కెట్‌బాల్ గాయాల నివారణ వ్యాయామాలు అనగా బాల బాలికలు ఆట మొదలుపెట్టే ముందు 10 నుండి 20 నిమిషాల పాటు ఒక క్రమంలో చేసే పరుగు, సమతుల్యత, కండబలం, గెంతు వ్యాయామాల సముదాయం. ఆటకు ముందు మామూలుగా చేయించే వార్మప్ స్థానంలో వీటిని చేయిస్తారు. వీటికి యంత్రాలు గాని, వ్యాయామశాల గాని అవసరం లేదు. అందువలన మెదక్ వంటి చిన్న జిల్లా కేంద్రాలలోని పాఠశాలలకు కూడా ఇవి అందుబాటులో ఉండే పద్ధతులు. వీటి ఫలితం వ్యాయామాల ఎంపిక కంటే, వాటిని వారం వారం తప్పకుండా చేయించడం మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

గాయాల స్వభావం

బాస్కెట్‌బాల్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది చీలమండ బెణుకు. బంతి కోసం పైకి ఎగిరిన ఆటగాడు మరొకరి పాదం మీద దిగినప్పుడు, లేదా వేగంగా దిశ మార్చినప్పుడు పాదం లోపలికి మడతపడి చీలమండ వెలుపలి వైపు లిగమెంట్లు సాగుతాయి, కొన్నిసార్లు తెగుతాయి. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణికే అవకాశం ఎక్కువ. బెణుకు తగ్గినా, పాదం ఏ కోణంలో ఉన్నదో మెదడుకు తెలిపే గ్రహణశక్తి వెంటనే పూర్వస్థితికి రాకపోవడం దీనికి ఒక కారణం.

మోకాలి గాయాలు సంఖ్యలో తక్కువైనా తీవ్రతలో ఎక్కువ. వీటిలో ముఖ్యమైనది మోకాలి లోపలి ముందరి క్రూసియేట్ లిగమెంటు (ఏ.సి.ఎల్.) తెగిపోవడం. ఇది చాలాసార్లు ఎవరూ తగలకుండానే, ఒంటికాలి మీద దిగుతూ మోకాలు లోపలికి ఒరిగినప్పుడు జరుగుతుంది. బాలురతో పోల్చినప్పుడు బాస్కెట్‌బాల్ ఆడే బాలికలలో ఈ గాయం రెండు నుండి నాలుగు రెట్లు ఎక్కువ. తిరిగి ఆటలోకి రావాలనుకునే వారికి సాధారణంగా శస్త్రచికిత్స చేస్తారు. ఆ తరువాత కోర్టులోకి రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఎముకల ఎదుగుదల పూర్తికాని వయసులో ఈ శస్త్రచికిత్స మరింత జాగ్రత్తతో చేయవలసినది. మెదక్‌లో చదివే తొమ్మిదో తరగతి బాలికకు ఇటువంటి గాయమైతే చికిత్స కోసం సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పలుమార్లు తిరగవలసి వస్తుంది. పదో తరగతి పరీక్షల సంవత్సరం కూడా అందులోనే గడిచిపోతుంది. చాలా కుటుంబాలలో ఆ అమ్మాయి ఆట అక్కడితో ఆగుతుంది.

ఇవి కాక, ఎదిగే వయసులో అతిగా గెంతడం వలన మోకాలిచిప్ప కింద నొప్పి, వాపు వస్తాయి. పిల్లలు దీనిని దాచిపెట్టి ఆడడం పరిపాటి.

చరిత్ర, పరీక్షలు

బాస్కెట్‌బాల్‌ను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రూపొందించాడు. భారతదేశంలో ఈ ఆట వై.ఎం.సి.ఏ. ద్వారా వ్యాపించింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాది పాఠశాలలకు తరతరాల వ్యాయామ ఉపాధ్యాయులను అందించింది. ఆటకు ముందు శరీరాన్ని వేడెక్కించే అలవాటు అప్పటినుండీ ఉన్నదే. ఐతే ఏ వ్యాయామం గాయాలను నిజంగా తగ్గిస్తుందో ఆటగాళ్ళను గుంపులుగా విభజించి పరీక్షించడం మాత్రం ఇటీవలి దశాబ్దాల పని.

1999లో టిమతీ హెవెట్ బృందం అమెరికాలో ఫుట్‌బాల్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడే 1,263 మంది పాఠశాల క్రీడాకారులను పరిశీలించింది. గెంతి దిగే పద్ధతిలో ఆరు వారాల శిక్షణ పొందిన బాలికల కంటే శిక్షణ లేని బాలికలలో తీవ్రమైన మోకాలి గాయాలు 3.6 రెట్లు ఎక్కువగా కనిపించాయి. 2006లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే 765 మంది విద్యార్థులపై జరిగిన పరీక్షలో, సమతుల్యతా శిక్షణ పొందిన వారిలో 6.1 శాతం మందికి, పొందని వారిలో 9.9 శాతం మందికి చీలమండ బెణికింది.

2007లో కెనడాలో కరొలిన్ ఎమెరీ బృందం 920 మంది పాఠశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళపై చేసిన పరీక్ష ఆచరణ రీత్యా చాలా ఉపయోగకరమైనది. అందులో కొంత అభ్యాసం కోర్టులో, కొంత ఇంటి వద్ద ఊగే పలక మీద నిలబడి చేయవలసినదిగా నిర్ణయించారు. హఠాత్తుగా కలిగే గాయాలు సుమారు 29 శాతం తగ్గాయి. కాని ఇంటి వద్ద చేయవలసిన భాగాన్ని చేసినట్లు చెప్పినవారు దాదాపు 60 శాతమే. ఇంటికి అప్పగించిన వ్యాయామం అందరికీ అందదని దీనినిబట్టి భావించవచ్చును.

మన పరిస్థితులకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది షికాగో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో 2006-07లో సింథియా లాబెల్లా బృందం చేసి, 2011లో ప్రచురించిన పరీక్ష. 90 మంది కోచ్‌లు, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడే 1,492 మంది బాలికలు ఇందులో పాల్గొన్నారు. ఫిజియోథెరపిస్టులను పంపలేదు. కోచ్‌లకే రెండు గంటలు నేర్పి, 20 నిమిషాల వార్మప్‌ను వారి చేతనే చేయించారు. వారు 80 శాతం అభ్యాసాలలో దానిని చేయించారు. ఎవరూ తగలకుండా కలిగే చీలమండ బెణుకులు మూడోవంతుకు తగ్గాయి. శస్త్రచికిత్స అవసరమైన కాలి గాయం శిక్షణ పొందిన వర్గంలో ఒక్కటీ లేదు.

ఫుట్‌బాల్ కోసం తయారైన ఫిఫా 11+ కార్యక్రమాన్ని ఇటలీలో 121 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళపై పరీక్షించగా అక్కడా గాయాలు తగ్గినట్లు 2012లో ప్రచురితమైంది. తరువాత కాల్గరీ విశ్వవిద్యాలయం వారు బాస్కెట్‌బాల్ కోసమే రూపొందించిన సుమారు పది నిమిషాల వార్మప్‌తో చీలమండ, మోకాలి గాయాలు 36 శాతం తగ్గాయి.

వ్యాయామ క్రమం

మొదట కోర్టు పొడవునా నెమ్మదిగా పరుగు, వెనక్కి పరుగు, పక్క అడుగులు, మోకాళ్ళు ఎత్తుతూ పరుగు. కదలకుండా కాళ్ళు సాగదీసి పట్టుకోవడం గాయాలను పెద్దగా ఆపదు కనుక దానికి ఎక్కువ సమయం కేటాయించనక్కరలేదు.

తరువాత సమతుల్యత. ఒంటికాలి మీద నిలబడి, మోకాలు కొద్దిగా వంచి, ఎదుటి జతగాడితో బంతి ఇచ్చిపుచ్చుకోవాలి. ఒక్కొక్క కాలికి 30 సెకండ్లు. అలవాటైన తరువాత కళ్ళు మూసుకొని నిలబడడం, జతగాడు భుజాన్ని మెల్లగా నెట్టడం వంటివి చేర్చవచ్చును. ఊగే పలక లేకపోయినా పనికివస్తుంది.

కండబలానికి బస్కీలు, ముందుకు పెద్ద అడుగు వేసి కూర్చోవడం, మోచేతుల మీద శరీరాన్ని నిటారుగా నిలపడం (ప్లాంక్) చేయిస్తారు. మోకాళ్ళ మీద నిలబడి, జతగాడు మడమలు పట్టుకొనగా నెమ్మదిగా ముందుకు ఒరగడం తొడ వెనుక కండరాలకు ఉపయోగకరం. తాలింఖానాల బస్కీలు మన ఊళ్ళకు కొత్తవి కావు. గుంజీళ్ళు కూడా దాదాపు ఇటువంటివే. ఐతే బడిలో గుంజీళ్ళను శిక్షగా తీయించే అలవాటు వలన ఆ పేరు వినగానే పిల్లలు ముఖం చిట్లిస్తారు. ఆ పేరు వాడకపోవడమే మంచిది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, గెంతి దిగడం. రెండు కాళ్ళ మీద గెంతి రెండు కాళ్ళ మీద, తరువాత ఒంటికాలి మీద దిగాలి. దిగేటప్పుడు మోకాళ్ళు, తుంటి వంగాలి. మోకాలు పాదపు వేళ్ళ దిశలోనే ఉండాలి, లోపలికి పడకూడదు. చప్పుడు కాకుండా దిగమని చెప్పడం చాలా సులభమైన సూచన. సిమెంటు కోర్టు మీద పిల్లల వైపు తిరగకుండానే ఎవరు బరువుగా దిగుతున్నారో ఉపాధ్యాయుడు వినగలడు. దీని వెంట వేగంగా పరుగెత్తి ఆగడం, దిశ మార్చడం చేయిస్తారు.

పోటీలకు నాలుగు నుండి ఆరు వారాల ముందే ప్రారంభించి, పోటీల కాలంలో కూడా వారానికి రెండు మూడు సార్లు కొనసాగించాలి. పోటీలు మొదలవగానే మానివేస్తే ప్రయోజనం క్రమంగా తగ్గుతుంది.

మెదక్ వంటి పట్టణాలలో ఆచరణ

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి, అంతవరకు సంగారెడ్డిలో ఉన్న జిల్లా కేంద్రం స్థానంలో మెదక్ పట్టణం కొత్త మెదక్ జిల్లాకు కేంద్రమైంది. ఈ ప్రాంతపు బడులలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌లకు ఉన్న ఆదరణ బాస్కెట్‌బాల్‌కు లేదు. ఒక్క వ్యాయామ ఉపాధ్యాయుడే అన్ని ఆటలూ చూసుకొనే చోట బాస్కెట్‌బాల్‌కు ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడపడం కష్టం. గెంతడం, దిగడం, దిశ మార్చడం ఈ ఆటలన్నిటిలోనూ ఉన్నవే కనుక, అందరినీ ఒకే వరుసలో నిలిపి ఒకే 15 నిమిషాల వార్మప్ చేయించడం ఆచరణసాధ్యమైన మార్గం. ప్రతి జట్టు నాయకునికి క్రమం నేర్పితే ఉపాధ్యాయుడు లేని రోజున కూడా అది ఆగదు.

వాతావరణం మరో అంశం. మార్చి మధ్య నుండి ఒంటిపూట బడులు మొదలవుతాయి. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. బడి వదిలిన మధ్యాహ్నం వేళ వ్యాయామం చేయించరాదు. వేసవి శిక్షణా శిబిరాలను తెల్లవారుజామున పెట్టి, మధ్యమధ్య నీరు ఇప్పించాలి. వానాకాలంలో మట్టి కోర్టుపై తడి, సిమెంటు కోర్టుపై నాచు జారుడుకు కారణమౌతాయి. ఆటకు ముందు కోర్టు ఊడ్చి, గులకరాళ్ళు ఏరివేయడం కూడా గాయాల నివారణలో భాగమే. సిమెంటు మీద గెంతులు పరిమితంగా, బూట్లతోనే చేయించాలి. బూట్లు లేని పిల్లలకు ఆ రోజు సమతుల్యత, కండబలం చాలు.

పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలలో 14, 17, 19 ఏళ్ళ లోపు విభాగాలుంటాయి. నెలల తరబడి ఆడని పిల్లలు ఎంపికల రోజున వరుసగా మ్యాచ్‌లు ఆడవలసి వస్తే ఏ వార్మప్ కూడా పూర్తి రక్షణ ఇవ్వదు. అభ్యాసాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడమే దీనికి విరుగుడు.

పరిమితులు, గాయమైనప్పుడు

ఈ వ్యాయామాలు గాయాలను తగ్గిస్తాయే కాని పూర్తిగా ఆపవు. మోచేయి తగలడం, వేలు బెణకడం వంటి వాటిపై వీటి ప్రభావం స్వల్పం. చీలమండకు లేసులతో బిగించే పట్టీల విషయానికి వస్తే, 2011లో అమెరికాలో 1,460 మంది పాఠశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళపై జరిగిన పరీక్షలో చీలమండ గాయాల సంఖ్య బాగా తగ్గింది, తీవ్రత మాత్రం తగ్గలేదు. పాత బెణుకు ఉన్నవారికి పట్టీ, వ్యాయామం రెండూ కలిపి ఉపయోగించవచ్చును.

చీలమండ బెణికిన వెంటనే నూనె రాసి గట్టిగా మర్దన చేయడం, లాగడం మన పల్లెలలో పాత అలవాటు. వాపు ఉన్నప్పుడు ఇది హాని చేస్తుంది. ఆట ఆపించి, గుడ్డలో చుట్టిన మంచుతో కాపి, మెత్తగా కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. మోకాలిలో 'టప్' మని శబ్దం వినిపించి కొద్ది గంటలలో వాచితే, నొప్పి తగ్గినప్పటికీ ఎముకల వైద్యునికి చూపించకుండా మళ్ళీ ఆడించరాదు. తిరిగి వచ్చిన ఆటగాడు మొదట ఒంటికాలి నిలకడ, గెంతి దిగడం నొప్పి లేకుండా చేయగలగాలి. ఆ తరువాతనే మ్యాచ్‌లలో ఆడించాలి.