ఆరు నెలల మాట, నాలుగేళ్ల ముకద్దమా

మా టేక్మాల్ కిస్మత్ విచిత్రం. జిల్లా మెదక్, అసెంబ్లీకి అందోల్, పార్లమెంటుకు జహీరాబాద్. ఒక జుమా నమాజ్ తర్వాత మస్జిద్ బయట మాటల్లో ఒక చిచ్చా అన్నాడు: "ఎంపీ ఎలక్షన్ మీద అదాలత్‌కు పోవుడు లీడర్ల పని బేటా, మనదేం ఉన్నది?"

చిచ్చా పొరబడ్డాడు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓడిన ఉమ్మీద్‌వారే కాదు, ఆ నియోజకవర్గంలో ఓటు హక్కున్న ఎవరైనా దావా వేయొచ్చు. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో వేయాలి. ఖర్చులకు జమానత్‌గా 2,000 రూపాయలు జమ చేయాలి. ఎన్నిక నడుస్తుండగా మాత్రం అదాలత్ తలుపు మూసే ఉంటుంది. 1952లో నామక్కల్ నామినేషన్ కేసులో, పొన్నుస్వామి ముకద్దమాలో, సుప్రీంకోర్టు తరఫున ఆ ఫైసలా రాసింది జస్టిస్ ఫజల్ అలీ సాబ్. ముందు ఎన్నిక పూర్తి కావాలి, షికాయత్ ఏదైనా ఆ తర్వాతే. మొదట్లో ఈ దావాలు ఎన్నికల ట్రిబ్యునళ్లు వినేవి. 1966 సవరణతో హైకోర్టుల చేతికి వచ్చాయి.

ఆ హైకోర్టుల తాకత్ దేశమంతా చూసింది 1975 జూన్ 12న. 1971లో రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీ లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు. ఓడిన రాజ్ నారాయణ్ అలహాబాద్ హైకోర్టుకు వెళ్లారు. సర్కారీ ముళాజిమ్‌గా ఉన్న యశ్‌పాల్ కపూర్‌ను ఎన్నికల పనికి వాడుకోవడం, సభల వేదికలూ కరెంటూ యూపీ అధికారులతో ఏర్పాటు చేయించుకోవడం, ఈ రెండూ రుజువయ్యాయని జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఎన్నిక రద్దు చేశారు. ఆరేళ్ల నిషేధం కూడా. రెండు వారాలు తిరక్కుండానే ఎమర్జెన్సీ. పార్లమెంటు ఎన్నికల చట్టాన్ని పాత తారీఖు నుంచి వర్తించేలా మార్చింది. ప్రధాని ఎన్నికను అదాలత్‌ల చేతికి అందకుండా రాజ్యాంగాన్నీ సవరించింది. నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ రాజ్యాంగ సవరణలోని క్లాజును కొట్టేసింది, కానీ మారిన చట్టం ఆధారంగా ఆమె ఎన్నికను నిలబెట్టింది. ఆట అయ్యాక కాయిదాలు మార్చి గెలిచినట్టే అనిపిస్తుంది నాకు. 1977లో రాయ్‌బరేలీ అవామ్ ఆమెను అదే రాజ్ నారాయణ్ చేతిలో ఓడించారు. 1980లో రెండు చోట్ల గెలిచినప్పుడు ఆమె ఉంచుకున్న సీటు మన మెదక్.

ఇక మన జహీరాబాద్. 2019లో టీఆర్ఎస్ అభ్యర్థి బీబీ పాటిల్, కాంగ్రెస్ అభ్యర్థి మదన్‌మోహన్ రావు మీద 6,229 ఓట్లతో గెలిచారు. పాటిల్ తన హల్ఫ్‌నామాలో క్రిమినల్ కేసులు చూపలేదన్నది మదన్‌మోహన్ రావు దావా. 2022లో హైకోర్టు విచారణ లేకుండానే తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు మళ్లీ వినమని తిప్పి పంపింది. ఈసారి కేసు నిలిచింది, దాని మీద పాటిల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 జూలైలో జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ అరవింద్ కుమార్ ఆయన అప్పీలు కొట్టేశారు. ఆరోపణ నిజమా కాదా అని వాళ్లు తేల్చలేదు. అభ్యర్థి గురించి పూర్తిగా తెలుసుకోవడం ఓటరు హక్ అన్నారు, విచారణ జరగాలన్నారు.

లెక్క చూడండి. విచారణ జరగాలా వద్దా తేలడానికే నాలుగేళ్లు. ఐదేళ్ల సీటుకు! చట్టంలో ఆరు నెలల మాట ఉంది, కానీ అది "ప్రయత్నించాలి" అన్న నసీహత్ మాత్రమే. మన 45 రోజుల మియాద్ అలా కాదు. ఒక్కరోజు దాటినా దావా ఖారిజ్. ఆలస్యానికి మాఫీ లేదు. నాకు మండేది ఇక్కడే. 2024 ఎన్నికల్లో సురేశ్ షెట్కార్ గెలిచి ఆ సీట్లో కూర్చున్నారు కూడా.

చిచ్చాకు ఇదంతా చెప్పాను. వేళ్ల మీద 45 లెక్కపెట్టుకుని, "రెండు వేలేనా?" అని మళ్లీ అడిగాడు. జమానత్ అంతే, వకీలు ఫీజు వేరే అన్నాను.