మన కంచె పండ్లలో ఏది గొప్ప?



అడవిపండ్లలో ఏది గొప్పది? ఈ ప్రశ్న పశువుల కాపరిని అడిగితే ఒక జవాబు వస్తుంది. వైద్యుణ్ణి అడిగితే ఇంకొకటి, అంగడివాణ్ణి అడిగితే మరొకటి. ఏ పండుకు ఏ పీట వేయాలన్న దానిపై ఈ ముగ్గురికీ ఎన్నడూ పొత్తు కుదరలేదు. ఆ వరుసలు ఎట్లా ఏర్పడినవో, ఎట్లా మారినవో తెలుసుకుంటే మన గట్టుమీది చెట్లను చూసే చూపు మారుతుంది. ఇందుకు దూరదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదుకు పడమట, నేడు హైటెక్ సిటీ, సైబరాబాదు అని పిలిచే ప్రాంతం చాలును.

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ ఒకనాడు పల్లెలు. చుట్టూ పెద్ద పెద్ద రాతిగుండ్లు, వాటి సందున పలుచని ఎర్ర చెల్క నేల, ఆపైన మేతకు వదిలిన బీళ్లు. అట్టి బీడునే తెలంగాణలో కంచె అంటారు. కంచె గచ్చిబౌలి అనే పేరులో ఆ మాట నేటికీ నిలిచి ఉన్నది. కరువును తట్టుకుని, మేక నోటినుండి తప్పించుకున్న చెట్లే అక్కడ మిగిలినవి. సీతాఫలం ఆకును మేక ముట్టదు. రేగుకూ సీమచింతకూ ముళ్లే కాపు. తునికిని మొదలంటా నరికినా వేళ్లనుండి మళ్లీ పిలకలు వేస్తుంది. అంటే ఈ తోటకు తోటమాలులు మేకలూ కరువులే అనవచ్చును.

ఇక మొదటి వరుస పశువుల కాపరులది. అది నాలుకనూ కాలాన్నీ బట్టి పెట్టిన వరుస. వేసవిలో సీమచింత, పాల, మొర్రి, తునికి పండ్లు. తొలకరికి ఈత, నేరేడు. దసరా ముందువెనుకల సీతాఫలం. కార్తీకంలో ఉసిరి. సంక్రాంతికి రేగు, భోగినాడు పిల్లల తలపై పోసేవి అవే. ఆ తరువాత చింత, వెలగ. ఒకటి అయిపోయేలోగా ఇంకొకటి అందివచ్చేది. జొన్నలు నిండుకున్న నెలలలో ఈ పండ్లు పేదల కడుపుకు కొంత ఆసరా. కాపరి లెక్కలో ఆకలివేళకు చేతికందినదే గొప్ప పండు.

ఇవన్నీ మన గడ్డవే అనుకుంటాము. కాదు. సీతాఫలానికి సీతమ్మ పేరున్నా, దాని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. పోర్చుగీసువారి ఓడల కాలంలో ఇటు చేరి, పిల్లలు ఉమ్మిన గింజలతో దక్కను గుట్టలన్నీ ఎక్కినది. సీమచింత మెక్సికో వైపు చెట్టు. ఫిలిప్పైన్స్ దీవుల మీదుగా వచ్చినది. "సీమ" అనే మాటే దాని పరదేశాన్ని చాటుతున్నది. చింత అంతకన్న ఎంతో పాతకాలంలో ఆఫ్రికానుండి వచ్చినది. అరబ్బులు దానిని "హిందూదేశపు ఖర్జూరం" అన్నందున లోకమంతటా దానికి మన దేశం పేరే స్థిరపడినది.

ఇంకొక ఆఫ్రికా అతిథి ఇక్కడికి కొద్ది మైళ్లలోనే ఉన్నది. గోలకొండలోని నయాఖిలాలో బావోబాబ్ అనే మహావృక్షం ఉన్నది. దాని బోదె చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. జనం దానిని "హాథియాన్ కా ఝాడ్", అనగా ఏనుగుల చెట్టు అంటారు. కుతుబ్‌షాహీల కాలంలో ఆఫ్రికానుండి వచ్చినవారు తెచ్చి నాటినారని పరంపరగా చెప్పుకుంటారు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు మిషెల్ ఆదాన్‌సన్ 1749 నుండి కొన్నేండ్లు సెనెగల్‌లో ఉండి ఈ జాతిని పరిశీలించాడు. ఆయన పేరుమీదనే లినేయస్ దానికి ఆదాన్‌సోనియా అని నామకరణం చేశాడు. ఆఫ్రికా పల్లెలలో దీని పులుపు గుజ్జును పొడిచేసి గంజిలో, పానకంలో కలుపుకుంటారు. మన దగ్గర దానిని వింతగా చూసినవారే కాని, తిండిగా ఎంచినవారు తక్కువ.

రెండవ వరుస వృక్షశాస్త్రజ్ఞులది. 1781 మొదలు 1793 వరకు విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు గోదావరి జిల్లా సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటను నడిపాడు. ఊళ్లవారిని అడిగి చెట్ల తెలుగు పేర్లు వ్రాసుకున్నాడు. దేశీయ చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. 1795లో లండన్‌లో "కోరమాండల్ తీరపు మొక్కలు" అనే గ్రంథం మొదటి భాగం వెలువడింది. మన పాల, తునికి, సీమచింతలకు శాస్త్రలోకంలో పేర్లు వచ్చినది ఆయన ద్వారానే. తునికికి ఆయన పెట్టిన "మెలనోక్సైలాన్" అనే పేరుకు గ్రీకు భాషలో నల్లని కొయ్య అని అర్థం. కాపరి తునికిని పండుకోసం ఎంచాడు, రాక్స్‌బర్గ్ చేవకోసం ఎంచాడు, తరువాత బీడీల వర్తకుడు ఆకుకోసం ఎంచాడు. చెట్టు ఒక్కటే, ఎంచే చేతులు వేరు.

మూడవ వరుస ప్రయోగశాలలో పుట్టింది. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చింది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1971లో ప్రకటించిన పట్టికలో నూరు గ్రాముల ఉసిరికి సి విటమిను 600 మిల్లీగ్రాములు, జామకు 212, రేగుకు 76, కమలాపండుకు 30 అని ఉన్నది. బుట్ట రేగుపండ్లను ఎవరూ బహుమానంగా ఇవ్వరు; రోగిని చూడబోతూ కమలాలు కొంటారు. పట్టిక ఆ వరుసను తలక్రిందులు చేసింది. 2017లో అదే సంస్థ కొత్త పద్ధతులతో తిరిగి లెక్కకట్టినప్పుడు ఉసిరి అంకె సుమారు 250కి దిగింది. అంకె మారినా ఉసిరి ముందు వరుసలోనే ఉన్నది.

అంగడి వరుస కూడా స్థిరం కాదు. మహబూబ్‌నగర్ వైపు గుట్టలలో కోసి బుట్టలలో తెచ్చిన సీతాఫలం "బాలానగర్" అనే పేరుతో మేలురకంగా గుర్తింపు పొంది, తోటలకు ఎక్కింది. అటు బావోబాబ్ గుజ్జును 2008లో ఐరోపా సమాఖ్య ఆహారంగా అమ్ముకోవచ్చునని అనుమతించింది. నిన్న ఆఫ్రికా పల్లెవారి గంజిలో పడిన పొడి నేడు సీసాలకెక్కి ఓడలలో పోతున్నది.

ఈ మూడు నాలుగు వరుసలు విన్నాక, రైతు వరుస ఏదని మీరు అడగవచ్చు. నన్నడిగితే పాలచెట్టుకు మొదటి పీట వేస్తాను. దాని పండు చిన్నది, పసుపుపచ్చనిది, తియ్యనిది, కొంచెం జిగురు. అంగడిలో దానికి పెద్ద వెల లేదు. కాని మెక్సికోనుండి వచ్చిన సపోటాను మన నేలలో నిలబెడుతున్నది పాల వేరే. పాలగింజ మొలకపై సపోటా అంటుకడితే చెట్టు గట్టిగా నిలుస్తుంది, చాలా ఏండ్లు కాస్తుంది. పాలమొలక నిదానంగా పెరుగుతుంది. అంటుకు తగిన లావెక్కేందుకు రెండేండ్ల వరకు పడుతుంది. గింజకు మొలకశక్తి ఎక్కువకాలం నిలవదు కనుక పండు తిన్న వెంటనే విత్తవలెను. పాలచెట్లు పోతే గింజ ఎక్కడిది? గింజ లేకపోతే సపోటా అంటు ఎక్కడిది?

రెండవ పీట రేగుకు. గట్టుమీది దేశవాళీ రేగును వేసవిలో మొదలుకు నరికితే కొత్త చిగుళ్లు వస్తవి. బలమైన ఒకటి రెండు ఉంచి, తొలకరి తరువాత ఉమ్రాన్, గోలా వంటి మేలురకపు కన్ను తెచ్చి అతికితే, ఏండ్లనాటి లోతువేరు పాతదే కనుక రెండు మూడేండ్లలో కాపు చూడవచ్చును. నీరు పెట్టలేని చెల్కకు ఇంతకన్న చవక ఉపాయం లేదు.

మూడవది సీతాఫలం. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు మేలి సంకరంగా తయారుచేసిన "ఆర్క సహన్"లో గింజలు తక్కువ, తీపి ఎక్కువ. అయితే కాయలు బాగా నిలవాలంటే మామూలు సీతాఫలం పూల పుప్పొడిని చేతితో అద్దవలెను. కొత్త రకం వచ్చినా గుట్టమీది పాతచెట్టు అవసరం తీరలేదని గ్రహించండి.

ఇప్పుడు మొదలుపెట్టిన చోటికి వద్దాము. మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయింది. తరువాతి ఏండ్లలో గుండ్లు పగిలినవి, కంచెలు వీధులైనవి. లక్షలమందికి జీవనం దొరికింది, అది కాదనలేము. మిగిలిన బీడు ఎక్కువగా 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయం పరిసరాలలోనూ, కొత్తగూడ వృక్షోద్యానంలోనూ, కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంలోనూ కనిపిస్తుంది. 2025లో కంచె గచ్చిబౌలిలోని 400 ఎకరాలపై పెద్ద వివాదం లేచింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను నిలిపివేయించింది. ఆ వాదాల తీర్పు న్యాయస్థానాలది. మనం నేర్వవలసిన పాఠం వేరు. వరుసలో క్రిందనున్న పండు రేపు పైకి రావచ్చును; తల్లిచెట్టు నరికిన పండు మాత్రం ఏ వరుసకూ రాదు.

కనుక విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీ మండలంలో మంచి పండు కాసే పాల, మొర్రి, వెలగ, నేరేడు, ఉసిరి చెట్లు ఎక్కడెక్కడ ఉన్నవో ఊరి పెద్దలను, మేకల కాపరులను అడిగి వ్రాసిపెట్టండి. రాక్స్‌బర్గ్ చేసినది కూడా అదే. మొర్రిపప్పు ధరకు ఆశపడి కొమ్మలు విరిచి పచ్చికాయ దులిపేవారికి నచ్చజెప్పండి. పేరు తెలియని పండు నోట పెట్టవద్దని పిల్లలకు చెప్పండి.

రైతులకు ఒక మనవి. ఈ వానకాలం గట్టుమీద ఒక పాలగింజ, ఒక ఉసిరి మొక్క నాటండి. బండి దారికి అడ్డమని రేగును వేళ్లతో పెకలించకండి; నరికినా మొదలు ఉండనివ్వండి, కన్ను అతకడానికి పనికివస్తుంది. ఏది గొప్ప పండో మీ మనుమలు తేల్చుకుంటారు. తేల్చుకోవడానికి వారికి చెట్లు మిగల్చడం మన పని.