తెర ఒక్కటే కాదు, గది కూడా

2019 ఏప్రిల్ 28న గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్లో మూడో ఎపిసోడ్ 'ద లాంగ్ నైట్' వచ్చింది. దాదాపు మొత్తం రాత్రి యుద్ధమే. ఎవరు ఎవర్ని నరుకుతున్నారో కనపడక జనం గగ్గోలు పెట్టారు. చాలామందికి టీవీ సరిగ్గా సెట్ చేసుకోవడం రాదనీ, థియేటర్లోలాగా చీకటి గదిలో చూడాలనీ ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ జవాబిచ్చాడు. మన భాషలో చెప్పాలంటే "నా మెషిన్‌లో బానే పనిచేస్తోందే" అన్నమాట!

నవ్వొచ్చినా అందులో నిజం లేకపోలేదు. చిన్న లెక్క చూడండి. తెర మీద తెలుపు 100 నిట్లు, నలుపు 0.1 నిట్ అనుకుందాం. కాంట్రాస్ట్ 1000:1. ట్యూబులైటు వెలుతురు తెర మీద పడి ఒక్క నిట్ మన కంటికి తిరిగొచ్చిందనుకోండి, తెలుపు 101, నలుపు 1.1 అవుతాయి. కాంట్రాస్ట్ కాస్తా సుమారు 92:1కి పడిపోతుంది. ఫైలు అదే, బిట్‌రేటు అదే. పగటి సీనుకి ఆ ఒక్క నిట్ లెక్కలోకే రాదు, రాత్రి సీను మాత్రం మునిగిపోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. తెర చుట్టూ చీకటిగా ఉంటే అదే బొమ్మలో కాంట్రాస్ట్ తగ్గినట్టు కంటికి అనిపిస్తుందని 1967లోనే కోడక్ కంపెనీకి చెందిన బార్టిల్‌సన్, బ్రెనెమన్ చూపించారు. చీకటి హాల్లో వేసే ఫిల్ముకి కాంట్రాస్ట్ కావాలనే ఎక్కువ పెట్టేది అందుకే.

ఆ తర్వాత వచ్చిన ప్రమాణాల్లోనూ గది ఉంది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ 80 నిట్ల మానిటర్‌నీ, 64 లక్స్ వెలుతురున్న గదినీ ఊహించుకుని రాసింది. 2005 నాటి డిజిటల్ సినిమా ప్రమాణంలో థియేటర్ తెర తెలుపు 48 నిట్లే! మన ఫోన్ అంతకంటే ఎన్నో రెట్లు వెలుగుతుంది. అయినా థియేటర్ తెర మసగ్గా అనిపించదు, హాలు చీకటి కాబట్టి.

ఇంతకీ తప్పెవరిది? నన్నడిగితే, ఇళ్ళకి పంపే సరుకుని ఇంటి వెలుతురులో కూడా ఓసారి చూసుకోవాల్సింది తీసినవాళ్ళే. గది వెలుతురుని సెన్సర్‌తో కొలిచి బొమ్మని సర్దే డాల్బీ విజన్ ఐక్యూ 2020లో వచ్చింది. అది లేని టీవీ అయితే, తెరలో ప్రతిబింబించే లైటు ఆర్పేసి, టీవీ వెనకాల ఓ చిన్న దీపం పెట్టుకోండి. ఖర్చు తక్కువ, తేడా మీకే తెలుస్తుంది.