ఢిల్లీ రాత్రులు – గానసభలు

ఢిల్లీ యనగానే మనవారికి మొదట స్ఫురించునవి కచేరీలును, దస్త్రములును, బదిలీ ఉత్తరువులును. అయితే కచేరి యను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. పగటి కచేరి ఉద్యోగులది; రాత్రి కచేరి గాయకులది. ఈ మహానగర చరిత్రను వ్రాసినవారు పెక్కుమంది పగటి కచేరిని గూర్చియే వ్రాసిరి. రాజవంశములెన్ని మారినను, ప్రొద్దు గ్రుంకిన పిదప నిచ్చట సాగిన గానసభలకు వేరొక చరిత్ర కలదు. అందు తెలుగునాటికిని భాగము కలదు.

నిజాముద్దీన్ ఔలియాయు, ఆయన శిష్యుడగు కవి అమీర్ ఖుస్రోయు 1325లోనే కీర్తిశేషులైరి. గురుశిష్యుల సమాధులు ఒకే ప్రాంగణమున నున్నవి. నేటికిని గురువారము సాయంకాలమున అచ్చట ఖవ్వాలీ వినవచ్చును. టిక్కెట్టు లేదు, ఆహ్వానపత్రము లేదు; ధనికుడును, కూలివాడును ఒకే చాపపై కూర్చుందురు. ఓరుగల్లుపై మాలిక్ కాఫర్ సాగించిన ముట్టడిని పారశీక వచనమున వర్ణించినవాడు ఈ ఖుస్రోయే. ఆ దర్గాకు కొద్ది దూరమున, ఇరుకైన ఇండ్ల నడుమ, ఒక అష్టకోణ సమాధి కలదు. అది ఖాన్-ఇ-జహాన్ మఖ్బూల్ తిలంగానీది. ఈయన కాకతీయ ప్రతాపరుద్రుని కొలువులోనివాడు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ఢిల్లీ చేరి, ఇస్లాము స్వీకరించి, ఫిరోజ్ షా తుగ్లకునకు ప్రధానమంత్రి యయ్యెను. ఢిల్లీలో మనవారి ఉద్యోగపర్వమునకు ఈయనయే ఆద్యుడని సరసముగా చెప్పుకొనవచ్చును.

పదునెనిమిదవ శతాబ్దమున ఢిల్లీ రాత్రులను మనకు చూపినవాడును దక్షిణాదివాడే. ఆసఫ్ జాహీ వంశస్థాపకుడగు నిజాముల్ ముల్కు వెంట దక్కను నుండి వచ్చిన ఉద్యోగి దర్గా కులీ ఖాన్. అప్పటి చక్రవర్తి మహమ్మద్ షా (1719–1748) విలాసప్రియుడై ‘రంగీలా’ యని పేరొందినవాడు. దర్గా కులీ ఖాన్ తాను చూచిన దర్గా ఉత్సవములను, వసంతోత్సవమును, చాందినీ చౌకులోని సందడిని, కవులను, గాయకులను, నర్తకీమణులను పారశీకమున వర్ణించెను. ఆ గ్రంథమే ‘మురక్కా-ఎ-ఢిల్లీ’. సదారంగ్ యను ముద్రతో ప్రసిద్ధుడైన బీన్ విద్వాంసుడు నియామత్ ఖాన్ అందు కీర్తింపబడెను. హిందుస్థానీ సంగీతమున ఖయాల్ గానమునకు నేడుగల గౌరవమునకు ఈ సదారంగుని రచనలు ముఖ్యకారణము.

1739 మార్చిలో నాదిర్ షా సైన్యము ఈ నగరమున నరమేధము సాగించెను; నెమలి సింహాసనమును కొనిపోయెను. దర్గా కులీ ఖాన్ అప్పుడు ఢిల్లీలోనే యుండెను. కావున ఆయన గ్రంథము కేవల వినోదవర్ణనము కాదు. తన కనులయెదుట కొల్లపోయిన నగరమునకు అది జ్ఞాపకపత్రము. ఖజానాలోని రత్నముల పట్టిక లొకరు వ్రాయగా, ఈయన గాత్రముల పట్టిక వ్రాసెను.

1857 తిరుగుబాటు పిదప రెండవ దెబ్బ తగిలెను. కడపటి మొగలు చక్రవర్తి బహదూర్ షా రంగూనునకు పంపబడెను. ఆయన ఆస్థాన గాయకుడు తాన్‌రస్ ఖాన్ ఆశ్రయము గోల్పోయి, తుదకు హైదరాబాదు నిజాము కొలువు చేరి, అక్కడనే తనువు చాలించెను. దక్కను ఉద్యోగి ఢిల్లీ సంగీతమును వ్రాసికొనిపోగా, నూరేండ్లు దాటిన పిమ్మట ఢిల్లీ సంగీతమే దక్కనునకు తరలివచ్చినదన్నమాట!

రాజాశ్రయము పోయిన పిదప కళకు క్రొత్త ఆశ్రయములు లభించెను. 1936 జనవరి 1న ఢిల్లీ రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. 1952లో ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమమును, 1953లో సంగీత నాటక అకాడమీయు వెలసెను. ద్రాక్షారామమున జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందమును నడిపి, వీణానాదమును ఉత్తరాదివారికి చేరువ చేసిరి. రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు ఇచ్చటనే స్థిరపడి కూచిపూడిని ప్రపంచవేదికల కెక్కించిరి. నేడు హౌజ్ ఖాస్ వద్ద, ఫిరోజ్ షా సమాధికి అల్లంత దూరమున, యువకులు గిటారు వాద్యమునకు తల లూపుచు ప్రొద్దుపోవువరకు కూర్చుందురు. రాగము వేరైనను, రాత్రి అదియే.

ఈ చరిత్రవలన మనకు తేలునదేమి? చక్రవర్తి పోషించిన సభ చక్రవర్తితోనే అంతరించెను. సామాన్యులు వారము వారము వచ్చి విన్న దర్గా గానము ఏడు శతాబ్దములు నిలిచెను. కళకు పోషకుని ధనముకంటె శ్రోత రాకయే దీర్ఘాయువు నొసగును. మనము పిల్లలకు కుతుబ్ మీనారును, ఎర్రకోటను చూపుదుము, మంచిదే. ఒక గురువారము ప్రొద్దుండగనే బయలుదేరి, ముందుగా ఆ తెలుగు మంత్రి సమాధిని చూపి, పిమ్మట దర్గా ముంగిట కూర్చుండి ఒక గడియ వినిపింపుదము. మన సమాజములో జరుగు కచేరీలకును అట్లే సకుటుంబముగా వత్తము. ముందు వరుసలోని పెద్దలకు వేసిన కుర్చీలకంటె, వెనుక వరుసలో పిల్లలు కూర్చుండు జంపఖానాయే కళకు ఆధారము.