నీరుగంటి నుండి నెట్‌వర్కు ఇంజనీరు వరకు

బెళుగుప్ప వంటి మెట్టసీమలో పూర్వము ఉద్యోగము పేరు వినగానే పని తెలిసెడిది. చెరువు నీటిని మడులకు పంచువాడు నీరుగంటి. లెక్కలు వ్రాయువాడు కరణము. 1984లో కరణీకములు రద్దయినవి. 2019లో గ్రామ సచివాలయములు వెలసినప్పుడు పల్లెకు 'డిజిటల్ అసిస్టెంటు' వచ్చెను; ప్రభుత్వ కాగితములలో మాత్రము ఆయన ఆరవ గ్రేడు పంచాయతీ కార్యదర్శి!

తంతి శాఖలో 'సిగ్నలరు' మోర్సు సంకేతములు పంపెను, 'లైన్‌మన్' తీగెను కాచెను. చిక్కు పైమెట్లలో వచ్చినది. ఒకనాటి ఇంజనీరింగు సూపర్‌వైజరు జూనియరు ఇంజనీరాయెను; పిదప జూనియరు టెలికాం ఆఫీసరాయెను. 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడినది. కొన్నేండ్లకు, విడిచిన 'జూనియరు ఇంజనీరు' పేరునే అచట క్రిందిమెట్టునున్న టెలికాం టెక్నికల్ అసిస్టెంటుల కిచ్చిరి. తండ్రి నాటి పేరే కుమారునికి దక్కినను మెట్టు వేరు.

నేటి కంప్యూటరు కొలువులలో అడ్మినిస్ట్రేటరు ఉన్న నెట్‌వర్కును నడుపువాడనియు, ఇంజనీరు దానిని నిర్మించువాడనియు, ఆర్కిటెక్టు దాని రూపము నిర్ణయించువాడనియు సామాన్యముగా చెప్పుదురు. చిన్న సంస్థలో మూడును ఒక్కని నెత్తిననే పడును. 'నాక్ ఇంజనీరు' అనునది వినుటకు ఘనమే. తొలిమెట్టున పని తరచుగా రాత్రింబవళ్లు వంతులవారీగా తెరపై హెచ్చరికలను కనిపెట్టియుండుట.

నీరుగంటికి తూము తెఱచు అధికారముండెడిది. వానలు లేక బెంగుళూరు పయనమగు మన యువకుడు కొలువున చేరుటకు ముందే అడుగవలెనని మేము కోరుదుము: రూటరు అమరికను మార్చు అధికారము తనకు కలదా, లేక హెచ్చరికను పైవారి కందించుట వరకేనా?